నలుగురితో పాటు: నాయకుల సమాధులు, ఊరి శ్మశానాలు

స్మారకోపన్యాసం అంటే పోయినవారిని ఉన్నవాళ్లు ఏడాదికోసారి పలకరించుకోవడం. అందువల్ల రాజకీయ నాయకులకు చనిపోయాక దక్కే చోటు గురించి ఈ వేదిక మీద మాట్లాడటం తప్పుకాదనుకుంటాను. 1996తో మొదలుపెడతాను. ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రులుగా చేసిన ముగ్గురు ఆ ఒక్క ఏడాదిలోనే వెళ్లిపోయారు. జనవరి 18న నందమూరి తారక రామారావు, జూన్ 1న నీలం సంజీవరెడ్డి, డిసెంబరు 2న, తమిళనాడు గవర్నరుగా ఉండగానే, మర్రి చెన్నారెడ్డి. రామారావు పేరిట హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఘాట్ వెలిసింది. చెన్నారెడ్డి స్మారకం ఇందిరా పార్కులోని రాక్ గార్డెన్‌లో ఉంది. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరు, దేశానికి ఆరో రాష్ట్రపతి అయిన సంజీవరెడ్డి సమాధి మాత్రం బెంగళూరులో, కల్పల్లి శ్మశానవాటికలో ఉంది. అది ఘాటూ కాదు, స్థలూ కాదు. ఆ నగరంలో మామూలు కుటుంబాలు తమ వాళ్లను సాగనంపే శ్మశానం.

ఈ సంగతి వినగానే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లిన మనిషికి సొంత రాష్ట్రంలో నాలుగు గజాల ఘాట్ కూడా దక్కలేదే అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఆ ముగ్గురిలో ప్రజాస్వామ్యానికి తగిన చోటు దొరికింది సంజీవరెడ్డికేనని నా నమ్మకం. అది ఎవరి నిర్ణయం అన్నదాని మీద నా వాదన నిలబడదు, పడిపోదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: జనం ముందు చేతులు జోడించి ఓటడిగి, గెలిచి, ఓడి, మళ్లీ అడిగిన మనిషి చివరికి చేరవలసింది ఆ ఓటర్లు చేరే చోటికే. ప్రత్యేకంగా కేటాయించిన స్థలం పైకి గౌరవంలా కనిపిస్తుంది. నిజానికి అది నాయకుణ్ణి అధికారంలో ఉన్నవాళ్ల దయకో, పార్టీ జెండాకో, వారసుల గేటుకో కట్టిపడేస్తుంది. ఊరి శ్మశానం ఆ కట్లు విప్పి ఆయన్ను ఊరికి అప్పగిస్తుంది.

మామూలు మనిషి పోయినప్పుడు మున్సిపల్ నిబంధనలు కచ్చితంగా పనిచేస్తాయి. గుర్తింపు ఉన్న శ్మశానంలోనే దహనమో ఖననమో జరగాలి. మరోచోట చెయ్యాలంటే అనుమతి తెచ్చుకోవాలి. ప్రజారోగ్యం కోసం, నీళ్ల కోసం, ఇరుగుపొరుగు కోసం పెట్టుకున్న నియమాలు అవి. వాటితో ఎవరికీ పేచీ లేదు. నాయకుడు పోయిన రాత్రి మాత్రం ఆ నియమం పక్కకు జరుగుతుంది, లేదా ఉన్నట్టుండి గట్టిగా బిగుసుకుంటుంది. ఏది జరుగుతుందన్నది ఆ రాత్రి సచివాలయంలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ చెన్నై మెరీనా. 1969 ఫిబ్రవరి 3న ముఖ్యమంత్రి పదవిలో ఉండగా అన్నాదురై పోయారు. సముద్రం ఒడ్డున ఖననం చేశారు. దహనం కాక ఖననం ఎంచుకోవడం వెనక ద్రావిడ ఉద్యమపు హేతువాదం ఉంది. 1973లో పోయిన పెరియార్‌ను కూడా వేపేరిలోని పెరియార్ తిడల్‌లో పూడ్చారు. 1987లో ఎంజీఆర్, 2016లో జయలలిత, ఇద్దరూ పదవిలో ఉండగానే పోయి, మెరీనాలోనే చేరారు. 2018 ఆగస్టు 7 సాయంత్రం కరుణానిధి కన్నుమూసేసరికి అక్కడ అధికారంలో ఉన్నది ప్రత్యర్థి పార్టీ. మెరీనాపై కోర్టు కేసులు నడుస్తున్నాయనీ, న్యాయపరమైన చిక్కులున్నాయనీ చెప్పి ప్రభుత్వం కుదరదంది. దానికి బదులు రాజాజీ, కామరాజ్ స్మారకాలున్న గిండీ గాంధీ మండపం దగ్గర రెండెకరాలు ఇస్తానంది. మెరీనా పదవిలో ఉండి పోయినవారికే, మాజీలకు గిండీ అన్న వాదన కూడా ముందుకొచ్చింది.

ఆ రాత్రి జరిగింది మన రాజకీయ చరిత్రలో గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం. తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి ఇంట్లో మద్రాసు హైకోర్టు ధర్మాసనం కూర్చుంది. అర్ధరాత్రి దాటాక వాయిదా వేసి, పొద్దున్నే మళ్లీ వింది. మెరీనాలో సమాధులు వద్దంటూ అంతకుముందు పిటిషన్లు వేసినవాళ్లే వాటిని ఉపసంహరించుకున్నారు. ఆగస్టు 8 ఉదయం అనుమతి వచ్చింది. సాయంత్రానికి కరుణానిధి తన నాయకుడు అన్నాదురై సమాధి పక్కకు చేరారు. తీర్పు మంచిదా చెడ్డదా అని నేను అడగటం లేదు. తొంభై నాలుగేళ్లు బతికి, అయిదుసార్లు ముఖ్యమంత్రి అయిన మనిషి అంత్యక్రియలు కొన్ని గంటల పాటు కోర్టు తీర్పు కోసం ఎదురుచూడవలసి వచ్చిందే, ఆ అవస్థ ఎక్కడ పుట్టిందని అడుగుతున్నాను. ఇవ్వగలిగినవాడు కాదనగలడు. స్థలం ప్రభుత్వ దానం అయినచోట ఈ అవమానం ఎప్పుడూ పొంచే ఉంటుంది. ఊరి శ్మశానంలో చోటు దానం కాదు, హక్కు. దాన్ని ఆపగల ముఖ్యమంత్రి లేడు, ఇప్పించగల ముఖ్యమంత్రి అవసరమూ లేదు.

మెరీనా గురించి ఒక ఎదురు ప్రశ్న సహజంగా వస్తుంది. అక్కడ బద్ధశత్రువులు పక్కపక్కనే ఉన్నారు కదా, అదీ ఉమ్మడి చోటే కదా అని. ఈ మాటలో నిజముంది. 1972లో పార్టీ నుంచి బహిష్కరణకు గురైన ఎంజీఆర్, ఆ బహిష్కరణ నాటి పార్టీ అధ్యక్షుడు కరుణానిధి ఒకే ఇసుక తీరంలో ఉన్నారు. ఎంజీఆర్ సమాధి మీద చెవి ఆనించి, లోపల ఆయన చేతి గడియారం ఇంకా టిక్కుటిక్కుమంటోందేమోనని వినే జనం ఏళ్ల తరబడి వస్తున్నారు. ఆ ప్రేమను నేను తక్కువ చెయ్యను. ఎన్ని కోట్లు పెట్టినా ఏ ప్రభుత్వమూ దాన్ని కట్టించలేదు. అయినా అక్కడ ఉన్నది పాలకుల ఇరుగుపొరుగే. ఆ తీరంలో వల విసిరి బతికిన జాలరికి అక్కడ చోటు లేదు. నాయకుడికి నాయకుడే పొరుగైనప్పుడు పోటీ చావుతో ఆగదు: ఎవరి మండపం ఎత్తు, ఎవరి రాయి తెలుపు, ఎవరి జ్యోతి పెద్దది అన్న లెక్కలు మొదలవుతాయి. 2021లో ఒక పార్టీ ప్రభుత్వం జయలలిత స్మారకాన్ని తెరిచింది; 2024లో మరో పార్టీ ప్రభుత్వం కరుణానిధి స్మారకాన్ని తెరిచింది.

తెలుగువాళ్లకు ఇంకా లోతుగా గుచ్చుకున్న గాయం పి.వి. నరసింహారావుది. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో ఆయన పోయారు. ప్రధానమంత్రిగా అయిదేళ్లు దేశాన్ని నడిపిన మనిషి పార్థివదేహం సొంత పార్టీ కార్యాలయం గేటు బయటే ఆగింది. ఢిల్లీలో అంత్యక్రియలు జరగాలన్న కుటుంబం కోరిక తీరలేదు. 25న హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున దహనం జరిగింది. 2015లో, కేంద్రంలో వేరే పార్టీ ప్రభుత్వం ఉండగా, ఢిల్లీలో స్మారకం వచ్చింది. 2024లో భారతరత్న వచ్చింది. ఆర్థిక సంస్కరణల్లో ఆయన పాత్ర ఈ ఇరవై ఏళ్లలో పెరగనూ లేదు, తరగనూ లేదు. మారింది పీఠాల మీది మనుషులు. ఆయన్ను తలచుకునే హక్కు మన చేతుల్లోంచి జారి పార్టీల చేతికి వెళ్లిందంటే, అందుకు దారి వేసింది ఆ స్థలాల రాజకీయమే. విడివిడి సమాధులకు చోటు చాలడం లేదని 2013లో కేంద్ర మంత్రివర్గమే గ్రహించి, అగ్రనేతలందరికీ కలిపి యమున ఒడ్డున రాష్ట్రీయ స్మృతి స్థల్ ఏర్పాటుకు నిర్ణయం తీసుకుంది. ఆ ఆలోచన సగం దూరమే వెళ్లిందని నా ఉద్దేశం. నాయకుల మధ్య గోడలు తీసేసింది గానీ, నాయకుడికీ జనానికీ మధ్య గోడను అలాగే ఉంచింది.

ఆ గోడ మన మనసుల్లో ఎంత గట్టిగా ఉందో 2024 డిసెంబరు 28న బయటపడింది. మన్మోహన్ సింగ్ అంత్యక్రియలు సకల ప్రభుత్వ లాంఛనాలతో ఢిల్లీ నిగమ్‌బోధ్ ఘాట్‌లో జరిగాయి. మాజీ ప్రధానిని మామూలు శ్మశానానికి తీసుకెళ్లడం అవమానమని ఆయన పార్టీ బాధపడింది. స్మారకానికి స్థలం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అప్పటిదాకా మిగతావారికి దక్కింది ఆయనకు దక్కలేదన్నది దాని సారం. ఆనవాయితీ అందరికీ ఒకేలా ఉండాలనడం న్యాయం. కానీ ఆ వారం రోజులు పత్రికల్లో దొర్లిన ఒక ఊహను మాత్రం నేను ఒప్పుకోలేను: ఢిల్లీ ప్రజలు తరతరాలుగా అమ్మానాన్నలను సాగనంపిన ఘాట్, ఒక ప్రజానాయకుడికి తక్కువ చోటన్న ఊహ. ఢిల్లీని పదిహేనేళ్లు ఏలిన షీలా దీక్షిత్‌కు 2019 జులైలో అదే నిగమ్‌బోధ్‌లో, ఆమె కోరుకున్నట్టే కట్టెలు లేకుండా సీఎన్‌జీ యంత్రంలో దహనం జరిగింది. ఆ నగరపు ముఖ్యమంత్రి ఆ నగరపు శ్మశానానికే వెళ్లారు. అందులో ఆమె గౌరవానికి వచ్చిన లోటేమీ నాకు కనిపించదు.

హైదరాబాదుకు వద్దాం. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ ఒడ్డు ఇవాళ నాయకుల స్మృతులతో నిండి ఉంది. దామోదరం సంజీవయ్య, ఎన్టీఆర్, పీవీ, 2019లో జైపాల్‌రెడ్డి. నలుగురూ చదువుకున్నవాళ్లు, నాలుగు రకాల రాజకీయాలు నడిపినవాళ్లు. నగరంలో గాలి పీల్చుకోవడానికి మిగిలిన కొద్దిపాటి చోటులో వాళ్లను చేర్చడం వాళ్ల మీద ప్రేమతోనే జరిగింది. అయితే ఘాట్ అన్నాక దానికి యజమాని కావాలి. పూలు ఎవరు పెట్టాలి, దీపాలు ఎవరు వెలిగించాలి, ఫ్లెక్సీ ఎవరిది అన్న ప్రశ్నలు ఏటా వస్తాయి. 2019 మే 28న, ఎన్టీఆర్ జయంతి నాడు, ఘాట్ మీద ఎప్పటిలా పూల అలంకరణ లేకపోవడం వార్తయింది. తెలుగు నేల మీద అంత ఆదరణ పొందిన మనిషికి ఒక రోజు పూలు లేకపోవడం జనం మరుపు కాదు, ఏర్పాట్ల మరుపు. ఊరి శ్మశానంలో ఆ వార్త పుట్టదు. పెద్దల అమావాస్యకో, తద్దినానికో తన తాత దగ్గరకు వచ్చిన మనిషి పక్కనున్న సమాధి మీద కూడా రెండు చామంతులు ఉంచి వెళ్తాడు. ఆ రెండు పూలకు ఏ పార్టీ ఏర్పాటూ అక్కర్లేదు.

సొంత భూమిలో సమాధి సంగతేమిటని అడగవచ్చు. అది మన దగ్గర పాత అలవాటే. రాయలసీమలో, తెలంగాణలో చేను గట్టున, బావి పక్కన పెద్దల సమాధులు కనిపిస్తాయి. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిని 4న ఇడుపులపాయలో, కుటుంబ ఎస్టేటులో ఖననం చేశారు. ప్రభుత్వాన్ని చోటడగని పద్ధతిగా చూస్తే అందులో మర్యాద ఉంది. పుట్టిన నేలకు, పండించిన మట్టికి తిరిగి వెళ్లాలన్న కోరికను ఎవరూ ఆక్షేపించలేరు. నా అభ్యంతరం ఆ ఒక్క సమాధి మీద కాదు, ఆ దారి మీద. ప్రజాజీవితం గడిపిన మనిషి సమాధికి దారి ప్రైవేటు భూమి గుండా వెళ్తే, ఆయన్ను చూడటానికి వచ్చేవాడు అతిథి అవుతాడు, పౌరుడు కాడు. పైగా ఇడుపులపాయ లాంటి పెద్ద పేరు లేనిచోట ఇంకో ప్రమాదం ఉంది. పిల్లలు పట్నం పోతారు, పొలం చేతులు మారుతుంది, ప్లాట్లు పడతాయి. కొన్నవాడికి ఆ గద్దె అడ్డం. ఎమ్మెల్యేగా చేసినవాడి సమాధి అయినా, సర్పంచిగా చేసినవాడిదైనా, లేఅవుట్ నక్షాలో ఒకటే.

దీనికి విరుద్ధమైన పద్ధతి మన గడ్డ మీద కొత్తది కాదు. హైదరాబాదు పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్ అనే ఖబరస్తాన్ ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర పీష్వాగా పనిచేసి, నగర నిర్మాణానికి రూపురేఖలు దిద్దాడని పేరున్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ దాన్ని ఏర్పాటు చేశాడు. కర్బలా మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించాడని చెబుతారు. తనకు మాత్రమే అని కట్టుకోలేదు. వచ్చినవారందరి కోసం వదిలి, తానూ అక్కడే పడుకున్నాడు. 1853 నుంచి 1883 దాకా ముప్పయ్యేళ్లు హైదరాబాదు రాజ్యానికి దివానుగా ఉండి, జిల్లాల వ్యవస్థను, రెవెన్యూను, ఖజానాను కొత్తగా నిలబెట్టిన మొదటి సాలార్‌జంగ్ కూడా ఆ దాయిరాలోనే ఉన్నాడు. మన జిల్లాల పాలనకు పునాది వేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన మనిషి, పేరూ ఊరూ తెలియని వేలమంది మధ్య ఉన్నాడు. కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు చూడటానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తాం. అది రాజుల మర్యాద. దాయిరాది మరో మర్యాద. ఎన్నికలు లేని కాలపు మంత్రులు జనం మధ్య పడుకున్నారు. ఎన్నికలతో వచ్చిన మన నాయకులకు రాజుల పద్ధతే నచ్చడం నన్ను బాధపెడుతుంది.

హిందువుల్లో దహనమే కదా, అస్థికలు నదిలో కలిపాక శ్మశానంలో ఏముంటుంది అన్నది ఒక అభ్యంతరం. దీనికి పెద్దగా జవాబు అక్కర్లేదు. మన దగ్గర జంగాలు, లింగధారులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ఇంకా ఎన్నో కులాల్లో పూడ్చడమే ఆనవాయితీ. క్రైస్తవులకు సమాధుల తోట, ముస్లింలకు ఖబరస్తాన్ ఉండనే ఉన్నాయి. దహనం చేసినచోట కూడా ఒక చిన్న పలక చాలు. నేను అడుగుతున్నది కట్టడం కాదు, చోటు.

అసలైన అభ్యంతరం వేరే ఉంది, అది నా వాదనను చాలా దూరం కదిలిస్తుంది. ఉమ్మడి శ్మశానం అంటున్నారే, మన ఊళ్లలో అది ఉమ్మడిగా ఎప్పుడుంది? ఊరికో వల్లకాడు ఉండదు, కులానికొకటి ఉంటుంది. మాలపల్లె బొందలగడ్డ వేరు, మాదిగవాడది వేరు, పెద్దకులాల రుద్రభూమి వేరు. కొన్నిచోట్ల దళితులకు శ్మశానమే లేదు. ఉన్నచోట దారి లేదు. శ్మశానంలో రాజూ పేదా ఒకటేనన్న మాటను తెలుగువాళ్లు హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనులో వింటూ పెరిగారు. ఆ సీనులో పాడే పద్యాల్లో చాలా ప్రసిద్ధమైనవి గుర్రం జాషువావి. అంటరానితనాన్ని ఒంటిమీద మోసిన కవి శ్మశానంలోని సమానత్వం మీద రాస్తే, అది ఉన్నదాని వర్ణన మాత్రమే అనుకోవడం పొరపాటు. ఉండవలసినదాని కోసం పడ్డ తపన కూడా. కరుణానిధి కేసు విన్న ఏడాదికి, 2019 ఆగస్టులో, అదే రాష్ట్రంలో వాణియంబాడి దగ్గర ఒక దళితుడి శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లడానికి పొలాల గుండా దారి దొరక్క, వంతెన మీది నుంచి తాళ్లు కట్టి కిందికి దించారు. ఆ దృశ్యం చూసి మద్రాసు హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. అర్ధరాత్రి కోర్టు తలుపు తెరిపించిన సమాధీ, తాళ్ల మీద దిగిన పాడే ఒకే హైకోర్టు ముందుకు వచ్చాయి.

ఈ అభ్యంతరానికి లొంగి నా మాట వెనక్కు తీసుకోవాలా? దాని నుంచే నా మాటకు బలం వస్తుందని నేననుకుంటాను. శ్మశానాలు ఇంత హీనంగా, ఇంత విడివిడిగా మిగిలిపోవడానికి ఒక కారణం, వాటిని బాగుచెయ్యగల మనుషులెవరూ చివరికి అక్కడికి చేరకపోవడం. మంత్రికి చెరువు గట్టు, పెద్ద రైతుకు సొంత చేను, డబ్బున్న పట్నవాసికి తోటలా పెంచిన మహాప్రస్థానం ఉన్నప్పుడు, ముళ్లకంపలు మొలిచిన బొందలగడ్డకు నీళ్ల కుళాయి ఎందుకు వస్తుంది? తెలంగాణలో పల్లె ప్రగతి పేరుతో పన్నెండు వేలకు పైగా ఉన్న గ్రామ పంచాయతీల్లో వైకుంఠధామాలు కట్టే పని పెట్టుకున్నారు. దహన వేదిక, స్నానాల గది, నీటి తొట్టి, ప్రహరీ: ఇవి మామూలు మనిషి చావుకు దక్కవలసిన కనీస మర్యాద, ఆ పని మంచిదే. కానీ కట్టడం ఒకటి, కులాలన్నీ ఆ వేదిక మీదికి రావడం మరొకటి. ఊరి ఎమ్మెల్యే శవం ఆ వైకుంఠధామానికే వచ్చిన రోజు, అంతకుముందు ఆ ఊళ్లో ఎవరికి అక్కడ ప్రవేశం లేకపోయిందో వాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.

మరో అభ్యంతరం దళిత రాజకీయాల వైపు నుంచి వస్తుంది, దాన్ని గౌరవంతో వినాలి. ఊరి బయటకు నెట్టేసినవారి నాయకుడికి నగరం నడిబొడ్డున స్మారకం ఉండటమే ఒక జవాబు కదా; సంజీవయ్య పేరు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉండటం వల్ల ఎందరికి తల ఎత్తుకు తిరిగే ధైర్యం వచ్చిందో లెక్కపెట్టగలరా అని. లెక్కపెట్టలేను. అయితే ఇక్కడ ముంబయి దాదర్‌ను చూడమంటాను. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో పోయిన అంబేడ్కర్ అంత్యక్రియలు మరునాడు దాదర్ చౌపాటీలో, అక్కడి శ్మశానం పక్కన జరిగాయి. 1971లో స్తూపం వచ్చింది. చైత్యభూమిని చైత్యభూమిగా చేసింది మాత్రం ఏటా డిసెంబరు 6న లక్షలుగా తరలివచ్చే జనం. శ్మశానం పక్కన ఉండటం ఆ స్థలం ఘనతను పిసరంత తగ్గించలేదు. అక్కడికి కూతవేటు దూరంలోని శివాజీ పార్కులో, పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానంలో, 2012 నవంబరులో బాల్ ఠాక్రేకు దహనం జరిగింది. ఆ చోట వెలిసిన తాత్కాలిక కట్టడం నెల తిరక్కుండా వివాదమై, చివరికి తొలగింది. ఒకే పేటలో రెండు అంత్యక్రియలు. శ్మశానం పక్కన జరిగినదానికి స్థలం గొడవ అడ్డురాలేదు.

జనం తాకిడిని ఊరి శ్మశానం తట్టుకోగలదా అన్నది పాలనాపరమైన సందేహం. 2023 జులైలో కేరళ మాజీ ముఖ్యమంత్రి ఊమెన్ చాండీ శవయాత్ర తిరువనంతపురం నుంచి కొట్టాయం చేరడానికి ఒక రోజుకు పైగా పట్టింది, దారిపొడుగునా జనం. చివరికి ఆయన్ను సొంత ఊరు పుదుపల్లి చర్చిలో సమాధి చేశారు. ప్రభుత్వ లాంఛనాలు వద్దన్నది ఆయన కోరిక. ఇప్పటికీ జనం అక్కడికి వస్తూనే ఉన్నారు. అదే కేరళలో, అలప్పుళలో వలియ చుడుకాడు ఉంది. పేరుకు అర్థం పెద్ద శ్మశానం. మన వల్లకాటిలోని కాడు, వాళ్ల చుడుకాడులోని కాడు ఒకే ద్రావిడ మాట. 1946 అక్టోబరులో పున్నప్ర పోరాటంలో తూటాలకు బలైన కూలీల, జాలరుల శవాలను తెచ్చి గుట్టగా కాల్చింది అక్కడే. తర్వాత కమ్యూనిస్టు నాయకుడు పి. కృష్ణపిళ్లై అక్కడికే చేరారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. చీలికకు రెండు వైపులా ఉన్న నాయకులు ఆ నేలకే వచ్చారు. 1957లో కేరళ మొదటి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా భూసంస్కరణల బిల్లు తెచ్చిన గౌరి అమ్మను 1994లో పార్టీ బహిష్కరించింది. 2021లో ఆమెకు దహనం జరిగింది ఆ చుడుకాట్లోనే. 2025 జులై 23న, నూటొక్క ఏళ్లు నిండిన మాజీ ముఖ్యమంత్రి అచ్యుతానందన్‌ను వర్షంలో తడుస్తూ వేలమంది అక్కడికే సాగనంపారు. అక్కడొక భాగం పార్టీల అమరుల స్తూపమేనన్నది నిజం. అయినా పార్టీ బయటకు పంపిన మనిషిని శ్మశానం బయటకు పంపలేదు. పార్టీ కార్యాలయం ఆవరణలోనో, ప్రభుత్వం ఇచ్చిన ఎకరంలోనో ఇది జరిగేదని నేను నమ్మను. సమాధే అక్కర్లేదనుకున్న దారి కూడా ఉంది. 2024 సెప్టెంబరులో పోయిన మన సీతారాం ఏచూరి దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం ఎయిమ్స్‌కు ఇచ్చారు. జనానికి చెందిన మనిషి జనానికే చేరడానికి అదీ ఒక పద్ధతే.

ఇంతసేపూ ముఖ్యమంత్రుల గురించి మాట్లాడాను. నా మనసు నిజానికి చిన్న నాయకుల దగ్గర ఉంది. 1959లో పంచాయతీ రాజ్ వచ్చాక మన జిల్లాల్లో సమితి అధ్యక్షులు, సర్పంచులు, మున్సిపల్ ఛైర్మన్లు, తొలి తరం శాసనసభ్యులు ఒక పెద్ద సమూహం. ఊరికి బడి తెచ్చినవాళ్లూ, కాలువ తవ్వించినవాళ్లూ, కొందరు కాలువను తమ చేలవైపు తిప్పించుకున్నవాళ్లూ. మన స్థానిక చరిత్ర వాళ్లదే, వాళ్లకు ఏ ఘాటూ రాలేదు. వాళ్లున్నది ఊరి శ్మశానాల్లో, అక్షరాలు చెరిగిపోతున్న రాళ్ల కింద. ఆ రాళ్ల మీది పేర్లు, తేదీలు ఎక్కించుకోవడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక కళాశాల చరిత్ర శాఖ, ఒక మున్సిపల్ కార్యాలయం, నాలుగు ఆదివారాలు చాలు. శ్మశానం రిజిస్టర్లు ఇప్పటికే చెదలు పట్టాయి. కాటికాపరి కుటుంబాలకు నోటికి గుర్తున్న సమాధుల జాడలు ఆ పెద్దవాళ్లతోనే పోతున్నాయి. వాళ్లను కూర్చోబెట్టి, ఏ గట్టు దగ్గర ఎవరున్నారో చెప్పించుకుని రాసుకోవాలి. ఆ జాబితాలో సమితి అధ్యక్షుడి పేరు పక్కనే, ఆయనకు ఓటేసిన, ఆయన మీద పోటీ చేసిన, ఆయన పొలంలో కూలి చేసిన మనుషుల పేర్లు కూడా అదే వరసలో, అదే అక్షరం సైజులో రావాలి. ఆ పని ఈ ఊరి శ్మశానంతో మొదలుపెట్టమని ఈ సభ నిర్వాహకులను అడుగుతున్నాను.